హెరాత్, మార్చి 1979: వేగులు లేకనా, వినేవాళ్ళు లేకనా?

నిత్య_చదువరి · శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను పీజీ రెండో ఏడాది, అంతర్జాతీయ సంబంధాలు. సెమినార్‌లో నాకు పడిన అంశం ఇదీ: కొత్తగా గద్దెనెక్కిన విప్లవ ప్రభుత్వం మీద ఒక ప్రాంతం తిరగబడితే మిలటరీ ఇంటెలిజెన్స్‌కి ముందే ఏం తెలిసింది, ఏం తెలియలేదు. నేను అఫ్ఘనిస్తాన్‌లోని హెరాత్ తీసుకున్నా.

నాకు తెలిసినంత వరకు కథ ఇది. 1978 ఏప్రిల్ 27న కాబూల్‌లో సౌర్ విప్లవం. అధ్యక్షుడు దావూద్‌ని కుటుంబంతో సహా చంపేసి అఫ్ఘన్ కమ్యూనిస్టు పార్టీ పీడీపీఏ అధికారంలోకి వచ్చింది. పైన నూర్ మొహమ్మద్ తరాకీ, పక్కన హఫీజుల్లా అమీన్. ఏడాది కూడా తిరక్కుండా 1979 మార్చి 15న ఇరాన్ వైపు హెరాత్‌లో చుట్టుపక్కల పల్లెల జనం గుంపులు గుంపులుగా నగరంలోకి వచ్చి ప్రభుత్వ ఆఫీసుల మీద పడ్డారు. అణచాల్సిన 17వ డివిజన్ వాళ్ళతోనే కలిసిపోయింది. నగరం దాదాపు వారం చేజారింది. తర్వాత బాంబులు వేసి, ట్యాంకులు దింపి తిరిగి పట్టుకున్నారు. చనిపోయినవాళ్ళు 3 వేలని ఒకరు, 25 వేలని ఇంకొకరు.

నా ప్రశ్న: సోవియట్ సలహాదారులు ఆ డివిజన్‌లోనే ఉన్నారు. ప్రభుత్వానికి సొంత రహస్య పోలీసులున్నారు. అయినా ఒక డివిజన్ మొత్తం జారిపోతుంటే ఎవరికీ ఎందుకు తెలియలేదు? దీన్ని "నిఘా వైఫల్యం" అని రాసేయనా? మా మేడమ్ అలా రాస్తే ఒప్పుకోరు.

మ్యాప్‌పిచ్చి · శుక్రవారం రాత్రి 9:40

ముందు మ్యాప్ తెరవండి, సగం సందేహం అక్కడే తీరుతుంది. హెరాత్ నుంచి ఇరాన్ సరిహద్దు ఇస్లాం కలా సుమారు 120 కిలోమీటర్లు. ఉత్తరాన సోవియట్ సరిహద్దు కుష్కా కూడా ఇంచుమించు అంతే. కాబూల్‌కి పోవాలంటే మాత్రం కాందహార్ మీదుగా చుట్టు తిరిగి వెయ్యి కిలోమీటర్లు. అంటే ఈ ఊరికి సొంత రాజధాని కంటే రెండు పరాయి దేశాలు దగ్గర.

ఇంకో ముక్క. కుష్కా నుంచి హెరాత్ మీదుగా కాందహార్ వెళ్ళే కాంక్రీట్ రోడ్డు 1960ల్లో సోవియట్‌లు వేసిందే. కాబట్టి "మీ ట్యాంకులు పంపండి, తెల్లారేసరికి వచ్చేస్తాయి" అని తరాకీ అడిగితే అందులో వింతేం లేదు. దారి రెడీగా ఉంది.

హవల్దార్_కడప · శుక్రవారం రాత్రి 10:25

అమ్మా చదువరీ, నేను ఫౌజులో ఇరవై రెండేండ్లు చేసి వచ్చినోణ్ణి, అందులో చానా భాగం ఇంటెలిజెన్స్ సెక్షన్‌లోనే. మా కాడ ప్రతి ఖబురుకి రెండు మార్కులు వేస్తారు. అక్షరమొకటి, అంకె ఒకటి. ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరం: చెప్పినోడు ఎంత నమ్మకస్తుడు. 1 నుంచి 6 దాకా అంకె: చెప్పింది ఎంత నిజం కావచ్చు. రెండూ వేరు వేరుగా వేయాల. మంచోడు చెప్పినాడు కదా అని మాటకి మంచి మార్కు వేయకూడదు, తాగుబోతు చెప్పినాడని కొట్టేయకూడదు. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు ఈడనే దెబ్బ తింటారు.

నీ కేసులో ఖబురు ఎవరు ఎవరికి చెప్పినారో వరసగా రాయి. కింద ఊరోడు, ఆపైన పార్టీ కమిటీ, ఆపైన గవర్నరు, ఆపైన కాబూల్, ఆపైన మాస్కో. ఒక్కో మెట్టు కాడ ఎవనికి ఏం భయమో చూడు. నిఘా వైఫల్యం అనే మాట చానా సుఖమైన మాట. అందరూ తప్పించుకోవచ్చు దాంతో.

ఎర్రపెన్ను · శుక్రవారం రాత్రి 11:02

భయాల లెక్క సరే. అసలు ఆ ప్రభుత్వం ఏం చేసిందో కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే ఉత్త రాక్షసుల కథ అయిపోతుంది. 6వ శాసనం: పేద రైతు తాకట్టు అప్పుల రద్దు. 7వది: ఆడపిల్లకి కన్యాశుల్కం 300 అఫ్ఘానీలకి మించకూడదు, పదహారేళ్ళలోపు పెళ్ళి కూడదు. 8వది: మొదటి రకం భూమి 30 జెరీబులు, అంటే 6 హెక్టార్లు దాటితే మిగిలింది పంచెయ్యాలి. వీటిలో ఏది తప్పో చెప్పండి? గురజాడ దేశంలో పుట్టి కన్యాశుల్కం రద్దుని తిట్టలేం కదా. మతపెద్దలు, భూస్వాములు, పక్కన అప్పుడే వచ్చిన ఖొమేనీ ప్రభుత్వం, ముగ్గురూ కలిసి రగిలించిన మంట అది.

కరీంనగర్_పోరడు · శుక్రవారం రాత్రి 11:31

అన్నా, శాసనాలు మంచిగనే ఉన్నయి, కాదంటలేను. గని ఒక్కటి చెప్పు. ఊర్ల షావుకారు అప్పు రద్దు చేసిన్రు. మల్ల వచ్చే కార్తికి విత్తనాలకు పైసలు ఎవరిస్తరు? బ్యాంకు లేదు, సొసైటీ లేదు. షావుకారు ఇయ్యడాయె. భూమి కాయితం చేతిల వెట్టిన్రు, నీళ్ళ వంతు ఇయ్యలే. హెరాత్ సాగంత హరీరూద్ నది కాలువల మీదనే. కాలువల వంతు ఎవరిదో చెప్పేటోడు మీరాబ్ అని ఉంటడు, మన కాడ నీరటికాడు లెక్క. ఆ మీరాబ్‌ను అడగకుంట కాబూల్‌ల కూసొని భూమి పంచితె ఏమైతది? చెరువు కింద పొలమున్నోనికి ఎరుకైతది గా బాధ.

అంటె నేననేది, రైతు నారాజ్ అయిండు అన్న ఖబర్ తెలుసుకునుటానికి గూఢచారి అక్కర్లే. విత్తనాల సంగతి అడిగితె సాలు.

ఎర్రపెన్ను · శుక్రవారం రాత్రి 11:48

నీళ్ళ వంతు మాట ఒప్పుకుంటా. తొందరపాటు ఉంది. దానికి తోడు అక్షరాస్యత తరగతుల్లోకి ఆడవాళ్ళని బలవంతంగా రప్పించడం, 1978 అక్టోబరులో జాతీయ జెండా మార్చి పూర్తిగా ఎర్రజెండా ఎగరెయ్యడం. ఇన్ని పనులు ఒక్క ఏడాదిలో. కానీ ఇరాన్ చెయ్యి లేదంటే మాత్రం ఒప్పుకోను.

పాతరేడియో · శనివారం ఉదయం 6:15

నిద్ర పట్టక ఇది చదివానండి. ఆ మార్చి నెల నాకు బాగా గుర్తు. అప్పుడు నేను నూజివీడులో కొత్తగా ఉద్యోగంలో చేరా. మా హెడ్ గుమాస్తాగారు సోవియట్ భూమి పత్రిక తెప్పించేవారు, మా ఇంట్లో బీబీసీ. పత్రికలో అఫ్ఘన్ రైతు నవ్వుతూ ట్రాక్టర్ మీద ఉండేవాడు. రేడియోలో హెరాత్‌లో కాల్పులు. ఇద్దరం టీ దగ్గర పోట్లాడుకునేవాళ్ళం.

అసలు చెప్పదలచింది వేరే. సరిగ్గా వారం తర్వాత, మార్చి 22న, మన ప్రధాని మొరార్జీ దేశాయ్ లోక్‌సభలో లేచి జయప్రకాశ్ నారాయణ్ చనిపోయారని ప్రకటించారు! సంతాపం చెప్పి సభ వాయిదా వేశారు. ఆయన బొంబాయి ఆస్పత్రిలో బతికే ఉన్నారు. ఆ కబురు వచ్చింది ఇంటెలిజెన్స్ బ్యూరో నుంచే అని అప్పట్లో గొడవ. అంటే ఎవరూ దాచకుండా, యుద్ధం లేకుండా, ఫోన్లు పనిచేస్తూ ఉండగా ఒక మనిషి ప్రాణంతో ఉన్నాడా లేదా అన్న ముక్కే తప్పు పోయింది మన ఢిల్లీలో. కాబూల్‌ని అనేముందు ఇది గుర్తు పెట్టుకోవాలి.

నిర్వాహకుడు · శనివారం ఉదయం 8:50

పెద్దాయన చెప్పింది ఆసక్తిగానే ఉంది కానీ దయచేసి ఇక్కణ్ణుంచి జనతా ప్రభుత్వం మీదకి పోవద్దు. ఆ చర్చ వేరే చోట ఇప్పటికే 14 పేజీలయింది, ఇంకా తేలలేదు.

నిత్య_చదువరి · శనివారం ఉదయం 10:05

హవల్దార్ గారూ, మీరు చెప్పినట్టు వరస రాస్తూ కూర్చుంటే ఒక చోట ఆగిపోయా. సోవియట్ యూనియన్ కూలిన తర్వాత బయటపడ్డ పొలిట్‌బ్యూరో (అక్కడి పార్టీ అత్యున్నత కమిటీ) కాగితాల్లో మార్చి 17 నాటి సమావేశం ఉంది. విదేశాంగమంత్రి గ్రోమికో అక్కడ చెప్పిన వివరం: ఆయన పొద్దున అమీన్‌తో ఫోన్‌లో మాట్లాడితే పరిస్థితి అదుపులోనే ఉందన్నాడట. అరగంట తిరక్కుండానే కాబూల్ నుంచి ఇంకో కబురు. తరాకీ సోవియట్ ప్రధాన సైనిక సలహాదారు జనరల్ గోరెలోవ్‌ని కలిసి ఆయుధాలు, తిండి గింజలు కావాలి, నేల మీదా ఆకాశంలోనూ కూడా మీ సాయం అవసరం పడొచ్చు అన్నాడని.

ఒకే ప్రభుత్వం. అరగంట తేడా. ఇద్దరు నాయకులు, రెండు బొమ్మలు.

హవల్దార్_కడప · శనివారం ఉదయం 10:48

అదీ. ఇప్పుడు దారిలో పడినావు.

నా అనుభవం ఒకటి చెప్తా. యూనిట్ పేరు, ఊరి పేరు చెప్పను. కొండల్లో ఒక పోస్టు. పొద్దున, సాయంత్రం పైకి సిట్‌రెప్, అంటే పరిస్థితి ఎట్లుందో చెప్పే కాగితం, పంపాల. మూడు వారాలు వరసగా ఒకటే లైను: "ప్రాంతం ప్రశాంతం, చెప్పదగ్గది ఏమీ లేదు." రాసేవాడు అబద్ధాలకోరేం కాదు, కాల్పుల్లేవు కాబట్టి ప్రశాంతం అని రాసినాడు. నేను పోయి రెండు దినాలు ఊరిపక్కన ఊరికే తిరిగినా. టీ కొట్టోడు బెంచీలు లోపల పెట్టేసినాడు. రోజూ బిస్కెట్ల కోసం జీపు వెంట పరిగెత్తే పిల్లోళ్ళు అరుగుల మీదనే కూసోని చూస్తాండారు, ఒక్కడూ లేయలేదు. ఆ రెండు ముక్కలు రాసి పంపితే మా సాబ్ నవ్వినాడు: "పిల్లోళ్ళకి బిస్కెట్లు మొగమొత్తినాయేమో." నాలుగోనాడు మా వాళ్ళ బండి పేలింది.

కాబట్టి అమీన్ అబద్ధం ఆడినాడా అని అడగొద్దు. వాళ్ళ గవర్నర్లు పంపే కాగితాల్లో బెంచీల లెక్క ఉందా లేదా అని అడుగు.

మ్యాప్‌పిచ్చి · శనివారం రాత్రి 7:20

బెంచీల లెక్క రాసేవాడు మిగిలితే కదా! కొత్త ప్రభుత్వం పాత రహస్య విభాగాన్ని ఊడ్చేసి అగ్సా అని కొత్తది పెట్టింది. అధిపతి అసదుల్లా సర్వరీ. దాని ముఖ్యమైన పని వినడం కాదు, పట్టుకుపోవడం. మౌల్వీలు, గిరిజన పెద్దలు, టీచర్లు, పీడీపీఏలోనే పర్చమ్ వర్గం వాళ్ళు, అందరూ పుల్-ఎ-చర్ఖీ జైలుకి. ఊళ్ళో నాలుగు మాటలు తెలిసిన మనిషి ఎవడో వాణ్ణే ముందు లోపలేస్తే ఇక కబురు ఎవరు తెస్తారు? మిగిలినవాళ్ళు అడిగినదానికి "జీ సాహెబ్" అంటారు.

సైన్యంలోనూ అంతే. తరాకీ, అమీన్‌ల ఖల్క్ వర్గం మనిషా కాదా అన్నదే కొలత. 17వ డివిజన్‌లో కిందిస్థాయి సిపాయిలు బలవంతపు భర్తీ మీద వచ్చిన పల్లెటూరి కుర్రాళ్ళు. ఎదురుగా వచ్చే గుంపులో వాళ్ళ పెదనాన్నలు ఉండొచ్చు.

సల్మా_సూరి · శనివారం రాత్రి 9:55

ఇన్నాళ్ళూ చదవడమే గానీ ఇక్కడ రాయలేదు. హెరాత్ పేరు చూసి ఆగలేకపోనాను. మాది శ్రీకాకుళం దగ్గర. నేను సల్మా డ్యాం సైట్లో కొన్నాళ్ళు పనిచేసేను. మన దేశం కట్టింది, హరీరూద్ మీద, హెరాత్‌కి తూర్పున చిష్త్-ఎ-షరీఫ్ దగ్గర. 42 మెగావాట్లు. 2016 జూన్‌లో మోదీగారొచ్చి తెరిచేరు. సిమెంటు తప్ప మిగతా సామాను చాలామట్టుకు ఓడలో ఇరాన్ బందర్ అబ్బాస్‌కి, అక్కణ్ణుంచి 1200 కిలోమీటర్లు లారీల మీద ఇస్లాం కలాకి. మ్యాప్ బాబు చెప్పింది నిజవే, ఆ ఊరికి ఇరాన్ గుమ్మంలో ఉన్నట్టే.

వేసవిలో నాలుగు నెల్లు గాలి. నూట ఇరవై రోజుల గాలి అనే అంటారు దాన్ని వాళ్ళు. అన్నం పళ్ళెంలో ఇసక లేకుండా తిన్న రోజు లేదు.

సెలవు దొరికినప్పుడు హెరాత్ ఊళ్ళోకి వెళ్ళేవాళ్ళం. అక్కడ జిహాద్ మ్యూజియం ఒకటుంది. గుండ్రంగా, నీలం పలకలతో. లోపల బొమ్మలకొలువు లాగ, కానీ నిలువెత్తు బొమ్మలు. కర్రలు, పారలు పట్టుకున్న పల్లెటూరోళ్ళు, ఎదర ట్యాంకు. మా డ్రైవరు లోపలికి రాలేదు. బయట గోడ మీద పేర్లుంటే అవి చూస్తూ నిలబడ్డాడు. ఎవరున్నారు బాబూ నీకు అనడిగితే చెయ్యి ఊపేసి "బిస్త్-ఒ-చహారే హూత్" అన్నాడు. హూత్ నెల 24. అక్కడ చిన్నపిల్లల దగ్గర్నుంచి అందరికీ ఆ తేదీ తెలుసు. మార్చి 15 అంటే ఎవడికీ తెలీదు.

నిత్య_చదువరి · శనివారం రాత్రి 10:10

సూరి గారూ, ఇది బంగారం. ఆ డ్రైవర్ గారితో ఇప్పటికీ మాటలున్నాయా? ముందు రోజుల్లో ఊళ్ళో వాతావరణం ఎలా ఉండేదో అడగగలరా?

సల్మా_సూరి · శనివారం రాత్రి 10:31

ఈద్‌కి వాట్సాప్ పెడతాడు. అడుగుతాను. ఆయన అప్పటికి పుట్టలేదు, వాళ్ళమ్మని అడగమంటాను.

కరీంనగర్_పోరడు · శనివారం రాత్రి 11:15

ఇగ ఇరాన్ చెయ్యి ముచ్చట తేలలే. ఎర్రపెన్ను అన్నా, నీ దగ్గర ఏం ఆధారం?

ఎర్రపెన్ను · ఆదివారం ఉదయం 9:30

ఆధారం తరాకీ మాటే. మార్చి 18న సోవియట్ ప్రధాని కొసిగిన్‌తో ఫోన్‌లో చెప్పాడు: ఇరాన్ నుంచి 4 వేల మంది సైనికులు మామూలు బట్టల్లో హెరాత్‌లోకి చొరబడ్డారని, 17వ డివిజన్ మొత్తం, ఫిరంగి దళం, విమానాలు కూల్చే దళం కూడా వాళ్ళ చేతుల్లో ఉన్నాయని.

హవల్దార్_కడప · ఆదివారం ఉదయం 10:12

దీనికి మార్కు వేద్దాం రా. చెప్పినోడు దేశాధ్యక్షుడు. అక్షరం చూస్తే ఏ వేయబుద్ధి అయితాది. నేను సి వేస్తా. ఎందుకంటే అడుక్కునేవాడు ఆయనే. ట్యాంకులు అడిగేవాడు "మా సిపాయిలే మమ్మల్ని వదిలేసినారు" అని చెప్పుకోడు, "బయటోళ్ళు వచ్చినారు" అంటాడు.

ఇంక అంకె. ఫిబ్రవరి 11న ఇరాన్‌లో షా ప్రభుత్వం పడిపోయింది. అప్పటికి నెల దినాలే దాటినాయి. వాళ్ళ సైన్యమే చెల్లాచెదురు. జనరళ్ళని కాల్చి చంపుతాండారు. అప్పుడు 4 వేల మందిని వేషం మార్చి పరాయి దేశంలోకి పంపే తీరిక ఎవనికి ఉంది? ఇరాన్‌లో కూలికి పోయిన హెరాతీలు వేలల్లో ఉండారు, వాళ్ళు తిరిగొచ్చినారు, అక్కడ చూసినది ఇక్కడ చెప్పినారు. అది నిజం. రేడియోలో ఖొమేనీ మాటలు విన్నారు. అదీ నిజం. 4 వేల సిపాయిలకి మాత్రం 5 వేస్తా. అంటే నమ్మబుద్ధి కాదు అని.

నిత్య_చదువరి · ఆదివారం ఉదయం 11:40

ఆ ఫోన్ సంభాషణ రాతప్రతి ఇప్పుడే పూర్తిగా చదివా. నా సెమినార్ మొత్తం ఇదే అయిపోయేలా ఉంది. సారాంశం నా మాటల్లో పెడుతున్నా.

కొసిగిన్ అడుగుతాడు: హెరాత్‌లో మీ వైపు ఎవరైనా ఉన్నారా? కార్మికులు, ఉద్యోగులు, చిన్న వ్యాపారులు? తరాకీ: జనం నుంచి చురుకైన మద్దతు లేదు, దాదాపు అందరూ షియా నినాదాల వెంట ఉన్నారు. జనాభా ఎంత? రెండు లక్షల నుంచి రెండున్నర లక్షలు. కార్మికులు ఎక్కువమందేనా? చాలా తక్కువ, మొత్తం వెయ్యీ రెండు వేల మధ్య. మీకే వాళ్ళని ఓడించే బలం లేదా? ఉంటే బాగుండేది. మా దగ్గర వందల మంది అఫ్ఘన్ అధికారులకి శిక్షణ ఇచ్చాం, వాళ్ళంతా ఏమయ్యారు? ఎక్కువమంది ముస్లిం ఛాందసులు, వాళ్ళని నమ్మలేం.

ఆ తర్వాత తరాకీ అడిగింది చూడండి. మీ ఉజ్బెకులు, తాజికులు, తుర్క్‌మెన్‌లని పంపండి, మా బట్టలు వేసి మా బ్యాడ్జీలు తగిలిస్తే ఎవరూ గుర్తుపట్టరు, ట్యాంకులు వాళ్ళు తోలతారు. కొసిగిన్: మీరు దీన్ని మరీ తేలిక చేసి మాట్లాడుతున్నారు. దాచలేం, తిరుగుబాటుదారుల దగ్గర రేడియోలున్నాయి, ప్రపంచమంతా తెలిసిపోతుంది.

పాతరేడియో · ఆదివారం మధ్యాహ్నం 12:20

అమ్మాయ్, నాకు ఒళ్ళు ఝల్లుమంది. రెండు లక్షల మంది ఊళ్ళో మా వాళ్ళు లేరు అని తనే ఒప్పుకుని, వెంటనే విప్లవాన్ని కాపాడండి అంటున్నాడా? మా హెడ్ గుమాస్తాగారు ఉంటే బాగుండు, చూపించేవాణ్ణి.

మ్యాప్‌పిచ్చి · ఆదివారం సాయంత్రం 5:45

కొసిగిన్ వృత్తిరీత్యా గూఢచారి కాదు, బట్టల మిల్లుల నుంచి పైకొచ్చిన పాలకుడు. అందుకే లెక్కలడిగాడు అనుకుంటా. కార్మికులెంతమంది, మనుషులెంతమంది, డ్రైవర్లున్నారా. ఒక్క ఫోన్‌లో వాళ్ళ రెసిడెంట్లు, అంటే కాబూల్‌లో వాళ్ళ గూఢచారులని నడిపేవాళ్ళు, నెలల తరబడి పంపిన దానికంటే ఎక్కువ రాబట్టాడని నా అభిప్రాయం.

అదే రోజు పొలిట్‌బ్యూరోలో సోవియట్ గూఢచార సంస్థ కేజీబీ అధిపతి ఆంద్రోపోవ్ అన్నమాట ఇంకా గట్టిది: అక్కడి విప్లవాన్ని మన తుపాకీ మొనల సాయంతోనే నిలబెట్టగలం, అది మనకి బొత్తిగా కూడని పని. ముందురోజు అఫ్ఘనిస్తాన్‌ని ఏం చేసినా వదులుకోకూడదు అన్నవాళ్ళే 18కల్లా వెనక్కి తగ్గారు. 19న సోవియట్ అధినేత బ్రెజ్నెవ్ కూడా సైన్యం వద్దనేశాడు. 20న తరాకీ మాస్కో వచ్చి హెలికాప్టర్ పైలట్లని అడిగితే కొసిగిన్ విసుక్కున్నాడు, ఈ పైలట్ల, ట్యాంకు డ్రైవర్ల ప్రశ్న మళ్ళీ మళ్ళీ ఎందుకొస్తోంది అని. ఆయుధాలు, లక్ష టన్నుల గోధుమలు మాత్రం ఇస్తామన్నారు.

కాబట్టి చదువరి గారూ, "మాస్కోకి తెలియలేదు" అని రాయకండి. మార్చి 18కి మాస్కోకి అంతా తెలుసు.

ఎర్రపెన్ను · ఆదివారం రాత్రి 8:05

ఆ రాతప్రతి నేను ముక్కలుగానే చదివి ఉన్నాను, పూర్తిగా ఇవాళే. 4 వేల మంది మాట వెనక్కి తీసుకుంటున్నా. కార్మికుల అంకె మింగుడు పడటం లేదు. కార్మికవర్గ పార్టీ అని పేరు, వెయ్యిమంది కార్మికులున్న ఊరు.

అయితే అమెరికా పాత్రని కూడా వదలకండి. మార్చి 30న వాషింగ్టన్‌లో జరిగిన సమావేశంలో రక్షణశాఖ అధికారి వాల్టర్ స్లోకోంబ్ సోవియట్‌లని వియత్నాం లాంటి ఊబిలోకి లాగడంలో లాభముందా అని అడిగాడు. జులై 3న అమెరికా అధ్యక్షుడు కార్టర్ తిరుగుబాటుదారులకి రహస్య సాయం మీద సంతకం చేశాడు.

మ్యాప్‌పిచ్చి · ఆదివారం రాత్రి 8:30

నిజమే, కానీ తేదీలు చూడండి. రెండూ హెరాత్ తర్వాతే. ఫిబ్రవరి 14న వాళ్ళ రాయబారి డబ్స్‌ని కాబూల్ హోటల్లో బందీగా పట్టుకోవడం, విడిపించే కాల్పుల్లో ఆయన చనిపోవడం. దాంతో మార్చిలో వాళ్ళ దౌత్య కార్యాలయమే బితుకుబితుకుమంటూ ఉంది. హెరాత్ వాళ్ళకి దొరికిన అవకాశం. వాళ్ళు పుట్టించింది కాదు.

సల్మా_సూరి · సోమవారం ఉదయం 7:40

జవాబొచ్చింది. వాళ్ళమ్మకి అప్పుడు పన్నెండేళ్ళట. నేను అడిగింది ఒకటి, ఆవిడ చెప్పింది ఒకటి. ఉన్నదున్నట్టు పెడతన్నాను.

ఆ చలికాలం రాత్రిళ్ళు మిద్దెల మీంచి "అల్లాహు అక్బర్" అని కేక వచ్చేదట. ఒక మిద్దె మీద మొదలైతే పక్కది, ఆ పక్కది. వాళ్ళ నాన్న మాత్రం పిల్లల్ని దీపం ఆర్పి పడుకోమనేవాడు. గురువారం పొద్దున రొట్టెల కొట్టుకి పంపితే తందూరు వెలిగించలేదు. కొట్టువాడు తలుపు సందులోంచి "ఇంటికి పో తల్లీ" అన్నాడు. ఆవిడకి గుర్తున్నది అంతే. తర్వాత విమానాలు. షిందంద్ ఎయిర్‌బేస్ వైపునుంచి వచ్చి బాంబులేసేయి. నౌరోజ్, అంటే వాళ్ళ ఉగాది, ఆ ఏడు చెయ్యలేదు.

మా డ్రైవరు చివర్లో ఒకటి రాసేడు. కాందహార్ నుంచి వచ్చిన ట్యాంకులు ఆకుపచ్చ జెండాలు కట్టుకుని వచ్చేయని, మనవాళ్ళే అనుకుని జనం ఎదురెళ్ళేరని అక్కడ చెప్పుకుంటారట. నిజవో కాదో నాకు తెలీదు. ఊళ్ళో మాట అది.

హవల్దార్_కడప · సోమవారం ఉదయం 8:15

సూరీ, తందూరు వెలగలేదు అనే ముక్క చూసినావా. అదే నేను చెప్పిన టీ కొట్టు బెంచీ. పన్నెండేండ్ల పిల్లకి కనబడింది. డివిజన్ హెడ్‌క్వార్టర్స్‌కి కనబడలేదు. ఆ పొద్దు వాళ్ళకి రొట్టెలు యాడ నుంచి వచ్చినాయో ఎవరన్నా అడిగినారా?

కరీంనగర్_పోరడు · సోమవారం రాత్రి 9:00

17వ డివిజన్ ముచ్చట ఇంక జర చెప్పున్రి. ఎవరు నడిపిన్రు?

మ్యాప్‌పిచ్చి · సోమవారం రాత్రి 9:35

ఎక్కువగా వినబడే పేరు ఇస్మాయిల్ ఖాన్. అప్పుడు కెప్టెన్. ఊరు చేజారాక కొండల్లోకి వెళ్ళి, పదేళ్ళకి పైగా పోరాడి, తర్వాత హెరాత్ గవర్నర్ అయ్యాడు, ఇంకా తర్వాత కాబూల్‌లో నీరు-విద్యుత్ మంత్రి. సల్మా డ్యాం ఆయన శాఖదే కదా సూరి గారూ! కానీ మార్చిలో ఆయన ఒక్కడే నాయకుడు అనుకోవద్దు, తర్వాత వచ్చిన పేరు వెనక్కి కూడా పాకుతుంది. ఆ వారం నగరంలో ఒక్క ఆజ్ఞ కింద నడిచిన సైన్యం లేదు. అందుకే నిలవలేదు కూడా.

సోవియట్ సలహాదారుల చావుల మీద కూడా ఇదే తంతు. నూరు మందిని ఊచకోత కోశారని పశ్చిమ దేశాల పత్రికలు రాశాయి. సోవియట్ వైపు కాగితాల్లో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతే. ఇప్పటికీ ఆ "నూరు" కాపీ అవుతూనే ఉంది. మీ స్లైడ్‌లో పెట్టకండి.

నిత్య_చదువరి · సోమవారం రాత్రి 10:20

పెట్టను. ఒక సందేహం మిగిలింది. మార్చిలో ఇంత స్పష్టంగా "వద్దు" అన్నవాళ్ళు డిసెంబరులో ఎలా దిగారు? కొత్త సమాచారం ఏమైనా వచ్చిందా?

మ్యాప్‌పిచ్చి · సోమవారం రాత్రి 11:10

దేశం గురించి కొత్తగా వచ్చిందేం లేదు. ఏప్రిల్‌లో కునార్‌లోని కెరాలా అనే ఊళ్ళో ప్రభుత్వ బలగాలు దాదాపు వెయ్యిమంది మగవాళ్ళని చంపాయి. ఆగస్టులో కాబూల్ నడిబొడ్డున బాలా హిస్సార్ కోటలో సైనికులు తిరగబడ్డారు. అంటే అంతా మార్చిలో కనబడ్డ దారిలోనే. మారింది ఒక మనిషి మీద అనుమానం. సెప్టెంబరులో అమీన్ తరాకీని దింపేశాడు, అక్టోబరులో దిండుతో ఊపిరాడకుండా చేసి చంపించాడు. అమీన్ అమెరికా వైపు జారుతున్నాడేమో అని కేజీబీ నివేదికలు. జనరల్ గోరెలోవ్ లాంటి సైన్యంవాళ్ళు సైన్యాన్ని దింపడం మంచిది కాదనే చెప్పారు. ఆ మాట కింద పడిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. తరాకీ ఫోన్‌లో అడిగిన వేషం గుర్తుందా? మే నెలలో సోవియట్ మిలటరీ ఇంటెలిజెన్స్, జీఆర్‌యూ, ఒక ప్రత్యేక దళం తయారుచేసింది. సుమారు 500 మంది. ఉజ్బెకులు, తాజికులు, తుర్క్‌మెన్‌లు. మేజర్ ఖోల్బాయెవ్ నాయకుడు. ముస్లిం బెటాలియన్ అనే పేరు. తరాకీకి కాపలా అని మొదలెట్టారు. వాళ్ళు కాబూల్ చేరేసరికి తరాకీ లేడు. అఫ్ఘన్ యూనిఫాంలోనే అమీన్ రాజప్రాసాదం చుట్టూ కాపలా నిలబడ్డారు. డిసెంబరు 27 రాత్రి కేజీబీ దళాలతో కలిసి అదే ప్రాసాదం మీద దాడి చేశారు. అమీన్ ఆ రాత్రే పోయాడు.

కరీంనగర్_పోరడు · సోమవారం రాత్రి 11:22

అంటె అడిగినోనికి ఇయ్యలే, వాన్ని సంపినోని ఇంటికి పంపిన్రు. ఏం కథనే ఇది.

పాతరేడియో · మంగళవారం ఉదయం 6:05

అక్టోబరులో తరాకీ జబ్బుతో చనిపోయాడని కాబూల్ ప్రకటించిన వార్త నేను విన్నానండి. అదే వారం, 8వ తేదీన, మన జేపీ నిజంగా పోయారు. ఈసారి ఢిల్లీ ఒకటికి రెండుసార్లు చూసుకుని చెప్పి ఉంటుంది. నిర్వాహకులు క్షమించాలి, ఇంక ఈ ముక్క ఎత్తను.

నిత్య_చదువరి · శుక్రవారం సాయంత్రం 6:30

సెమినార్ ఇవాళ అయిపోయింది. "నిఘా వైఫల్యం" అన్న మాట శీర్షికలోంచి తీసేశా. మొదటి స్లైడ్‌లో హెరాత్ జనాభా, కార్మికుల అంకె, అంతే. రెండో స్లైడ్ హవల్దార్ గారి మార్కుల పట్టీ. 4 వేల మంది ఇరాన్ సైనికులకి సి-5 అని వేస్తే మా మేడమ్ ఆపి, "ఏ-5 ఎందుకు కాదు, చెప్పింది దేశాధ్యక్షుడు కదా" అని అడిగారు. అడుక్కునేవాడు ఆయనే కాబట్టి అన్నా. నవ్వారు.

తందూరు సంగతి చెప్పినప్పుడు క్లాసు కాస్త నిశ్శబ్దం అయింది. సూరి గారూ, ఆ అమ్మకి నా తరఫున చెప్పండి.

కెరాలా ఊరి స్లైడ్ రాగానే మాత్రం వెనక బెంచీ నుంచి "మలయాళీలు అక్కడ కూడానా?" అని ఒకడు.

హవల్దార్_కడప · శుక్రవారం రాత్రి 7:02

వానికి ఎఫ్-6 వెయ్యమ్మా.